ఎసురు బండి

పోయిన నెల గుంతకల్లు వెళ్తూ, ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి మా మేనత్త ఉండిన స్టేషను కోసం చూశాను. బండి అక్కడ వేగం కూడా తగ్గించలేదు. రెండు తుమ్మచెట్లు, పైకప్పు లేని టికెట్టు గది కనిపించి దాటిపోయాయి. ఏమైనా పారేసుకున్నారా అని ఎదుటి సీటాయన అడిగితే లేదన్నాను.

యాభైల చివర, నేను గుంతకల్లులో విలేకరిగా కొత్తగా కుదిరిన రోజుల్లో, ఆ దారిన ఒక పాసింజరు నడిచేది. రైల్వేవాళ్లు పెట్టిన పేరేదో ఉన్నా, ఆ చుట్టుపక్కల అందరికీ అది ఎసురు బండి. బావులెండిన ఆ నేలలో ఆడవాళ్లు కుండలతో బొగ్గు ఇంజను పక్కన నిలబడితే, డ్రైవరు గొట్టం తిప్పి సలసల కాగే నీళ్లు పట్టేవాడు; వాటిని గుడ్డతో వడగట్టి ఎసురు పెట్టుకుంటే కట్టెలూ మిగిలేవి. సంగటికి కాస్త బొగ్గు వాసన ఉండేది గాని, అందరికీ అది అలవాటే.

మా మామ పట్టాల పని చేస్తూ పోయాక, పిల్లలు లేని అత్త స్టేషను పక్క గుడిసెలోనే ఒంటరిగా ఉండిపోయింది. మా నాయన ఎన్నిసార్లు రమ్మన్నా, బండి వస్తాండేవరకు తనకేం కొదవ అనేది. రోజంతటిలో ఆమెతో నిలబడి నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఆ డ్రైవరొక్కడేనని నేను అక్కడికి పోయి ఉన్నప్పుడే తెలిసింది.

"ఏమప్పా, ఈ పొద్దు ఇంత తడువైనాది? నా పొయ్యి చల్లారిపాయ" అని అత్త నిలదీస్తే, "నీ ఎసురు కాగల్ల గదక్కా, దానికే నిదానంగా వచ్చినా" అనేవాడతను.

బస్సులు పెరిగాక ఆ పాసింజరును ఆపేశారు. ఆ వార్త నేనే రాశాను. లోపలి పేజీలో ఒక మూలన వేశారు. కొన్నాళ్లకు బస్సు దిగి నడిచి వెళ్తే, అత్త ఒక్కతే ఖాళీ కుండతో పట్టాల పక్కన నిలబడి ఉంది. బండి ఇక రాదని చెప్పాను.

"అందరూ అదే అంటాండారు" అంది. కాసేపు పట్టాల వైపు చూసి, "ఆయప్ప ఒక మాట చెప్పిపోలేదే" అంది. మళ్లీ తనే, "ఆయప్పకు మాత్రం ఎవురు చెప్పినారో" అంది.

ఆ సాయంత్రమే కుండ చంకన పెట్టుకుని నాతో మా ఇంటికి వచ్చేసింది. పెరట్లో కొళాయి ఉండేది. నీళ్లు పట్టుకోవడానికి ఎవరితోనూ మాట్లాడే పనిలేదు. అత్త మాటలు నెమ్మదిగా తగ్గిపోయాయి.

ఇప్పుడు మా వంటింట్లో అన్నం కరెంటు కుక్కరులో ఉడుకుతుంది. ఎసురు మాట మా ఈడువాళ్ల నోటనే మిగిలింది. ఎదుటి సీటాయనకు ఇదంతా చెబుదామనే అనుకున్నాను. ముందు ఎసురంటే ఏమిటో చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.