నాలుగో డౌన్, సుద్దగీతలు

కుట్టుమిషన్ల మెకానిక్‌కి ఆ ఆట అంటించింది వాళ్ళక్కే. ముందుగదిలో ఆవిడ బట్టలు కుట్టేది, వెనకగదిలో ఆయన మిషన్లు విప్పేవాడు. మధ్యాహ్నం భోజనం కాగానే ఇద్దరూ మూలనున్న పాత కంప్యూటర్ ముందు చేరి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవారు. అలా పదకొండేళ్ళు.

పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు, అంటే నాలుగు డౌన్లు, ఉంటాయి. మూడూ చాలకపోతే, నాలుగో డౌన్‌లో ఆయన ఇంకో ఆలోచన లేకుండా ఫీల్డ్ గోల్‌కి బంతిని రెండు స్తంభాల మధ్యకి తన్నేసేవాడు. మూడు పాయింట్లు చేతికొస్తే చాలు. అక్క మాత్రం బంతి పట్టుకుని దూసుకెళ్ళాల్సిందే.

"గుండెకాయ ఇంట్లో పెట్టొచ్చావేంట్రా?"

"నువ్వు ఇందాక బోర్లా పడలేదూ?"

"పడితే పడ్డాను, పరిగెత్తి పడ్డాను!"

ఏది మేలో లెక్క తేల్చాలనుకున్నాడు ఆయన. వారం రోజులు కంప్యూటర్ చేతే రెండువైపులా ఆడించి, అక్క గుడ్డ మీద గీసే సుద్దతో గోడ మీద గీతలు పెట్టాడు. మైదానం మధ్యలో గజం దూరమే మిగిలితే దూసుకెళ్ళడమే మేలని తేలింది. దగ్గర నుంచి తన్నితే మాత్రం నలభైకి ముప్పై ఎనిమిది గోల్స్. ఆ లెక్క ప్రకారమే ఆడసాగాడు. అక్క గెలుపులు సగానికి పడిపోయాయి.

చివరికి ఆ భవనం పడగొడతారన్నారు. అక్కకి పక్కవీధిలో కింది అంతస్తులో గది దొరికింది, ఆయనకి మేడమీద. ఇరవైరెండు మెట్లు. కంప్యూటర్ ఎక్కడుంటే మధ్యాహ్నాలు అక్కడే.

"నీ దగ్గరే పెట్టుకో అక్కా, నీ మోకాళ్ళు..."

"జాలిపడి ఇస్తే నాకొద్దు. ఆడి గెలుచుకుంటా. ఓడితే మెట్లెక్కుతా."

ఆఖరి ఆట. ఆయన రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాడు. నాలుగో డౌన్, గోల్‌కి పద్దెనిమిది గజాలు. గడియారంలో ఒక్క ప్రయత్నానికే సమయం. తన్నితే గెలుపే.

 అక్క అరచేత్తో మోకాలు రుద్దుకుంటోంది, తనకే తెలియకుండా.

ఆయన బంతి పట్టుకుని దూసుకెళ్ళాడు. మూడు గజాల్లో నలుగురు మీదపడ్డారు. ఆట అయిపోయింది.

 అక్క గోడవైపు చూసింది.

"నలభైకి ముప్పై ఎనిమిది కదరా అక్కడున్నది?"

"గుండెకాయ తెచ్చుకోమన్నది నువ్వేగా," అంటూ ఆయన బల్లకిందికి వంగి, కంప్యూటర్ వైర్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.