నవ్వే బొమ్మ

సౌదీలోని అల్ ఖోబర్‌లో నాతో ఉంటున్న మా చెల్లికి నర్సు ఉద్యోగం పోయింది. ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, గడువు ముగిసేలోగా ఇంకోటి దొరక్కపోతే ఇంటికి వెళ్లిపోవాలి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అంటే ఉన్న వణుకు తగ్గుతుందని, ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసే కదిలే బొమ్మతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ బొమ్మ ప్రశ్న అడిగి నవ్వేది. చెల్లికి నోరు పెగిలేది కాదు.

“బొమ్మకి భయమేంటే, పిచ్చిదానా?”

“అలా నవ్వుతూనే కదక్కా, మా మేడం నన్ను తీసేసింది!”

గాయాలకి వేసే ప్లాస్టర్ ముక్క తెంచి బొమ్మ నోటి మీద అంటించాను. అప్పుడు గడగడా జవాబులు చెప్పింది.

అసలు ఇంటర్వ్యూకి మనిషే వచ్చింది. నేను కెమెరాకి కనబడకుండా కింద కూర్చుని, ఆవిడ నవ్వకూడదని ప్రార్థన చేసుకున్నాను. అరగంటసేపు ఆవిడ నవ్వలేదు, చెల్లి తడబడలేదు. చివర్లో మాత్రం నవ్వి, కబురు చేస్తామంది.

కాల్ ముగిశాక చెల్లి చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.