గెలిచిన సాయమ్మ

"భయపడనియ్యి మేడం. భయపడితేనన్న దవాఖానకు పోతరు."

"సాయమ్మగారూ, మాకు గెలిచినవాళ్ల కథ కావాలి. మళ్లీ వచ్చిందని చెప్తే రేపు ఎవరు చప్పట్లు కొడతారు?"

"చప్పట్లతోని నేనేం చేసుకుంట?"

గోదావరిఖని కమ్యూనిటీ హాల్లో నిచ్చెన మీద ఫ్లెక్సీ కడుతూ ఈ గొడవ విన్నాను. డిగ్రీ మధ్యలో వదిలేసి ఫ్లెక్సీల షాపులో చేరినవాణ్ణి, నాకిలాంటివి చాలా వినబడతాయి. ఫ్లెక్సీ మీద నవ్వుతున్నది మా పక్క క్వార్టర్ సాయమ్మ పెద్దమ్మే. కింద 'రొమ్ము క్యాన్సర్‌ను గెలిచిన ధీర' అని ఉంది. గెలవలేదు. రోగం తిరగబెట్టి ఎముకల్లోకి పోయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ట్రస్టు నడిపే శోభ మేడంకు తెలుసు. ఇప్పుడు నాకు తెలిసింది.

చివరికి బేరం కుదిరింది. పెద్దమ్మ బిడ్డ గ్లోరియాకు కూడా గడ్డ తగిలింది. బొగ్గు కంపెనీ దవాఖానలో తల్లికున్న కార్డు పెళ్లయిన బిడ్డకు పనికిరాదు. అల్లుడు కాంట్రాక్టు కూలీ. ట్రస్టు తెచ్చే పరీక్షల బస్సులో మొదట గ్లోరియానే చూస్తామని మేడం మాటిచ్చింది. మేడం రాసిచ్చిన మాటలే చదువుతానని పెద్దమ్మ ఒప్పుకుంది.

రాసిచ్చింది ఏమిటంటే, గడ్డ తగలగానే చూపించుకున్నాను, అందుకే బతికాను అని. ఒట్టి అబద్ధం. ఆమెకు గడ్డ తగిలిన రోజుల్లో భర్త మత్తయి మెడికల్ బోర్డు చుట్టూ తిరుగుతున్నాడు. బొగ్గు బాయి పనికి అన్‌ఫిట్ అని బోర్డు రాస్తే ఆయన బదులు కొడుకు ఆరోన్‌కు నౌకరీ వస్తుంది. మత్తయి ఆయాసం బోర్డుదాకా తగ్గకూడదని ఇంటిల్లిపాదీ ప్రార్థన చేశారు. మా దగ్గర మగవాడి రోగం అంత విలువైంది. ఆడదాని గడ్డకు ఎవరికీ నౌకరీ రాదు. పైగా ఒకే ఇంట్లో ఇద్దరు రోగులంటే డాక్టర్లు నాటకమనుకుంటారని ఆమె భయం. భర్త వెంట దవాఖానకు పోయిన ప్రతిసారీ కొంగు బిగించుకుని డాక్టర్ల ముందు నుంచే నడిచింది.

బోర్డు అన్‌ఫిట్ రాసింది. ఇంట్లో కోడిని కోశారు. ఆ తర్వాతే ఆమె నోరు విప్పింది. అప్పటికి గడ్డ పగిలింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మత్తయి పోయాడు. ఆరోన్ పెళ్లాన్ని తీసుకుని సెంటినరీ కాలనీకి మారాడు.

తెల్లారి ట్రస్టు వాళ్ల క్యాన్సర్ అవగాహన నడక జరిగింది. అందరికీ గులాబీ టీషర్టులు. మొదటి వరుసలో ట్రస్టుకు చందాలిచ్చే, గనుల మట్టి తోలే కాంట్రాక్టరు. ఆయన లారీల దుమ్ముకు రోడ్డు మీద నీళ్లు చల్లించమని ఆడవాళ్లు ఎన్నోసార్లు అడిగారు, ట్యాంకరు రాలేదు. ఆ రోజు పొద్దున్నే వచ్చింది, ఫొటోలు బాగా రావాలి కదా. పెద్దమ్మ చదివింది. చప్పట్లు బాగానే పడ్డాయి.

బస్సు రిబ్బను కత్తిరించారు. లోపల యంత్రం ఉంది, దాన్ని నడిపే మనిషి లేడు. ఇవాళ ప్రారంభోత్సవం మాత్రమేనట. గ్లోరియాకు గులాబీ టోపీ పెట్టి చేతిలో ఒక కాగితం పెట్టారు. రొమ్మును ఎట్లా తడిమి చూసుకోవాలో దాని మీద బొమ్మలు వేశారు.

"తడిమి చూసుకున్న మేడం. గడ్డ ఉన్నది. ఇప్పుడేం చెయ్యాలె?" అంది గ్లోరియా.

శోభ మేడం కాగితం తిప్పి వెనక వైపు చూపించింది. 'వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి' అని ఉంది.

కరీంనగర్ దవాఖానకు పోదాం పా అని తల్లి అక్కడే చెయ్యి పట్టుకుంది. గ్లోరియా విదిలించుకుంది. నువ్వు గెలవలేదా అమ్మా, నాకూ తగ్గుతది, మీ అల్లుని డ్యూటీ పోగొట్టుడెందుకు, వచ్చేసారి బస్సుల చూపించుకుంట అంది. ఆ టోపీతోనే ఇంటికి పోయింది.

సాయంత్రం నేను ఫ్లెక్సీ విప్పుతుంటే పెద్దమ్మ వచ్చి మెట్టు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నడుము ఆనించలేకపోతోంది. మేడం మీద కోపం లేదా అని అడిగాను. ఆమెకు అబద్ధానికి జీతమన్న వస్తది, నేను పుక్కటికి ఆడిన అంది.

"శివా, గ్లోరియా ఇంటికి జల్ది పో. మీ అమ్మ సావబోతున్నదని చెప్పు. ఎముకలల్లకు పోయిందని చెప్పు. నేను చెప్తే, దవాఖానకు తీస్కపోనీకి భయపెడుతున్నవంటది. నీకు మెత్తగ మాట్లాడరాదని కాలనీ అంతటికి తెలుసు. గట్లనే చెప్పు బిడ్డా. అది ఏడ్చేదాక ఆపకు."