కార్తీకం వెళ్ళాక బోర్నియో

మధులిక బోర్నియో చూడలేదు. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా ట్రావెల్ ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని, బయట ముసురు చూస్తూ, ఆ దీవి మీద తెలుగులో గైడు రాసింది. పక్క కుర్చీ నాదే కాబట్టి అంతా ఎరుగుదును. ఇక్కడి తెలుగు పెద్దవాళ్ళు రిటైరయ్యాక దేశాలు తిరుగుతున్నారు, వాళ్ళకోసం పుస్తకం కావాలన్నాడు మా యజమాని. "చూసొచ్చినట్టు రాయి, లేకపోతే ఎవరూ నమ్మరు" అని కూడా అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. మధులిక మాత్రం సరేనంది.

బాగానే రాసింది, కాదనను. ఒరాంగుటాన్లు ఎక్కడ కనిపిస్తాయో, జలగలు పట్టకుండా మేజోళ్ళు ఎలా వేసుకోవాలో, అడవిలోకి ఉప్మా రవ్వ ఎలా కట్టుకెళ్ళాలో, అన్నీ వెతికి వెతికి రాసింది. ఎప్పుడు వెళ్ళాలన్న చోట మాత్రం వెతకలేదు. కాకినాడ పిల్ల కదా, కార్తీకం వెళ్ళాక ఇంక వానలేమిటి అనుకుంది. "డిసెంబరులో వెళ్ళండి. నేను వెళ్ళినప్పుడు చినుకు కూడా పడలేదు" అని రాసేసింది. ఆ దీవికి ఈశాన్యపు కొసన వానలు ముంచెత్తేది సరిగ్గా అప్పుడే.

ఆ గైడు పట్టుకుని మొదట బయల్దేరింది సుబ్బరాజు అంకుల్, నిర్మలాదేవి ఆంటీ. భీమవరం వాళ్ళు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఫ్లాట్ దొరక్క మధులిక తిప్పలు పడుతుంటే తమ ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిన మనుషులు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. అక్కడి కినబటాంగన్ నది పొంగిందట, వాళ్ళు దిగిన లాడ్జి చుట్టూ నీళ్ళట. ఫోన్లు కలవడం లేదు. గైడు సంగతి ఎక్కడా అనొద్దన్నాడు యజమాని. ఈసారి నేను ఊరుకోలేదు, ఆయన్ని కడిగేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మధులిక టీ కూడా ముట్టలేదు. "వాళ్ళకేమన్నా అయితే నా చేతులతో చంపినట్టేనక్కా" అంది. నాకూ భయంగానే ఉంది.

మర్నాడు మధులిక ఫోన్ మోగింది. స్పీకర్‌లో ముందు వాన హోరు, వెనక అంకుల్ గొంతు.

"కంగారు పడకమ్మా, మేడమీదున్నాం. నీళ్ళు మెట్లదాకా వచ్చేసినియ్. పడవ పంపిత్తామన్నారు."

"ఆంటీ ఎలా ఉన్నారు అంకుల్?"

"మీ ఆంటీయా? నీ పుస్తకం ఒళ్ళో పెట్టుక్కూచుంది. మన మధులిక తిరిగొచ్చిన చోటేనండి, మనకేం కాదు అంటా నాకే ధైర్యం చెప్తంది."

మధులిక ఫోన్ మీదికి వంగింది.

"అంకుల్, నేను అక్కడికి రాలేదు. అంతా ఇక్కడ కూర్చుని రాసిందే. డిసెంబరు అని తప్పు రాసింది నేనే."

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"ఆ మాట మీ ఆంటీ చెవిన వెయ్యకమ్మా. మేమింకా పడవెక్కాలి."