గ్రీకు దేవుళ్ళకు నేను పెట్టిన పేర్లు

రెండువేల పది దాటాక మూడో ఏడో నాలుగో ఏడో, ఖచ్చితంగా చెప్పలేను. అక్టోబరు నెల అన్నది మాత్రం గుర్తుంది. డబ్లిన్‌లో నేను పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ అనువాద సంస్థ నన్ను భారతీయ భాషల లీడ్‌గా వేసింది. స్మార్ట్‌ఫోన్లు మన పల్లెలదాకా చేరుతున్న కాలం అది. అంతవరకు ఫ్రెంచి, జర్మన్, జపనీసు చాలనుకున్న కంపెనీలు ఒక్కసారిగా హిందీ కావాలి, తమిళం కావాలి, తెలుగు కావాలి అనసాగాయి. లీడ్ అన్నది పెద్ద హోదా కాదు. పైన ప్రోగ్రామ్ మేనేజరు, కింద ఇళ్ళనుంచి పనిచేసే అనువాదకులు, మధ్యలో నేను. ఐదు భాషలు నా పేరు మీద ఉండేవి. వాటిలో నాకు వచ్చినవి రెండు.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ప్రోగ్రాములో కనిపించే మాటలన్నిటినీ ఇంజనీర్లు విడదీసి ఒక ఫైలుగా పంపుతారు. ఒక్కో వాక్యాన్ని స్ట్రింగ్ అంటారు. అనువాదకులకు బొమ్మ కనిపించదు, వాక్యం ఎక్కడ వస్తుందో తెలియదు. ఒక గడిలో ఇంగ్లీషు, పక్క గడి ఖాళీ. పేర్లూ ముఖ్యమైన పదాలూ తలా ఒక రకంగా రాయకుండా ముందే ఒక పట్టిక తయారుచేస్తారు. అది గ్లాసరీ. దాన్ని లీడ్ సంతకం చేసి తాళం వేశాక అనువాదకులు అందులో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. సందేహం వస్తే క్వెరీ షీటులో రాయాలి, లీడ్ జవాబివ్వాలి. అంతే వాళ్ళకున్న హక్కు.

ఆ అక్టోబరులో వచ్చింది పిల్లల యాప్. గ్రీకు దేవతల కథలు, బొమ్మలు, చదివి వినిపించే గొంతు, కథ చివర ప్రశ్నలు. క్లయింటు పంపిన సూచనల్లో ఒక వాక్యం ఉంది. ఏ దేశపు పిల్లలకైనా ఈ కథలు పరాయివిగా అనిపించకూడదట. నేను మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను. దేవతల రాజు పేరును తెలుగులో మామూలుగా రాసే పద్ధతిలో రాస్తే 'జ్యూస్' అవుతుంది. ఆకాశం నుంచి పిడుగులు విసిరే పళ్ళరసాన్ని పిల్లల ముందు పెట్టలేను కదా. అప్పటికి మరాఠీ అనువాదకుడు పని మానేశాడు, తమిళం బిల్డు, అంటే అనువాదం చేర్చి పరీక్షకు సిద్ధం చేసిన యాప్, రెండుసార్లు తిరిగొచ్చింది, రోజూ ఆడమ్స్‌టౌన్‌లో రైలెక్కి, లూవాస్ ట్రాము మారి ఆఫీసు చేరేసరికే ఒంట్లో సగం ఓపిక అయిపోయేది. మధ్యాహ్నం కాంటీన్‌లో కూర్చుని గంటలో పట్టిక ముగించాను. దేవతల రాజు కాబట్టి ఇంద్రుడు. ఆయన భార్య హీరా శచీదేవి. సముద్రాన్ని ఏలే పోసైడన్ వరుణుడు. కబుర్లు మోసే హెర్మీస్ నారదుడు. మృతుల లోకాన్ని పాలించే హేడిస్ యముడు. దేవతల రాజుకు తండ్రి అయిన క్రోనస్‌కు ఏమీ తోచక 'ఇంద్రుడి తండ్రి' అని రాశాను. సంతకం చేసి తాళం వేశాను.

తెలుగు అనువాదం ఎస్తేరు రాణిగారిది. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిదేళ్ళు తెలుగు పండితురాలిగా చేసిన మనిషి. భర్తకు కిల్కెన్నీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చి, వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేరారు. ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, తినిపించడం ఆ పని. సెలవు దినాల్లో మాకు అనువదించేవారు. మా సంస్థ కొత్త సంవత్సరంలో ఒక తెలుగు భాషా నిపుణురాలిని శాశ్వత ఉద్యోగంలోకి తీసుకోవాలనుకుంటోంది. ఆవిడ పేరు ఇచ్చింది నేనే. ఆ సంగతి ఆవిడకు చెప్పాను కూడా.

పని మొదలైన మూడో రోజున క్వెరీ షీటులో పదిహేను ప్రశ్నలు వచ్చాయి. జవాబివ్వలేదు. మర్నాడు ఫోను వచ్చింది.

"పద్మగారూ, ఆ గ్లాసరీ ఒక్కసారి చూడండి. క్రోనస్ తన పిల్లల్ని పుట్టినోళ్ళని పుట్టినట్టే మింగేస్తాడు. ఇంద్రుడి తండ్రంటే కశ్యపుడేగా! కశ్యపుడు పిల్లల్ని మింగాడని రాయమంటారా?"

"కశ్యపుడని ఎక్కడా లేదుగా, ఎస్తేరుగారూ."

"పేరు లేకపోతే మాత్రం? హెర్మీస్ పుట్టిన రోజునే ఆవుల్ని దొంగిలిస్తాడు. ఆ దొంగతనం నారదుడి మీదికి పోతుంది. ఇంక హేడిస్ సంగతి. యముడు ధర్మరాజండీ, పాపపుణ్యాలు తూచేవాడు. పూలు కోసుకుంటున్న పిల్లని రథంలో వేసుకుని పోయేవాడు కాదు. మనవాళ్ళకీ తప్పులున్నాయి, అహల్య కథ నేను పిల్లలకి చెప్పినదాన్నే. కానీ ఎవరి తప్పు వాళ్ళదేగా. పేర్లు పేర్లలాగే ఉంచేద్దాం. జ్యూస్ బాగోదు, నిజమే. జియస్ అని రాద్దాం, సరిపోతుంది."

ఆవిడ చెప్పిన ప్రతి మాటా సరైనదే. అది నాకు అప్పుడే తెలుసు. కానీ తాళం తీయాలంటే మార్పు కోరుతూ ఫారం నింపాలి, మేనేజరు ఆమోదించాలి, గడువు వారం జరగాలి. నాకు ఆ ఫారం తలుచుకుంటేనే నీరసం వచ్చింది. గ్లాసరీ ప్రకారమే చేసేయండి అన్నాను. పదిహేను ప్రశ్నలకూ అదే ఒక్క జవాబు ఇంగ్లీషులో అతికించాను. ఆవిడ సరేనండీ అన్నారు.

నవంబరు మధ్యలో బిల్డు హైదరాబాదులోని క్లయింటు సమీక్షకుడి దగ్గరికి వెళ్ళింది. విడుదలకు ముందు ఆ ప్రాంతపు మనిషి ఒకరు ఫోనులో మొత్తం చూసి తప్పులకు గ్రేడు వేస్తారు. చిన్నది, పెద్దది, క్రిటికల్. క్రిటికల్ ఒక్కటున్నా పని మొత్తం తిరస్కరణే. మాకు ఏడు వచ్చాయి. హిందూ దేవతలను కించపరిచే అనువాదమని రాశాడు. కింద ఇంకో వాక్యం ఉంది. ఫైలు మొదట్లో అనువాదకురాలి పేరు ఉంటుంది కదా, ఆ పేరును గమనించగలరు అని.

మా మేనేజరు ఓర్లా ఆ వాక్యం అర్థం అడిగింది. ఆమె ఐరిష్ మనిషి, ఆ పేరులో ఏముందో ఆమెకు తెలియదు. అది క్రైస్తవుల పేరని చెప్పాను.  తరవాత పద్ధతి ప్రకారం ఎస్తేరుగారి ఖాతాను నిలుపుదలలో పెట్టి, శుక్రవారంలోగా మూలకారణ నివేదిక ఇమ్మని నన్ను అడిగింది. తప్పు ఎక్కడ పుట్టింది, ఎవరు గమనించాలి, ఎందుకు గమనించలేదు అని మూడు గడులుండే ఫారం అది.

నేను అబద్ధం రాయలేదు. అంతకంటే తేలికైన పని చేశాను. 'పరిభాష విషయంలో కొన్ని సందేహాలు సకాలంలో పరిష్కారం కాలేదు' అని రాశాను. ఎవరి సందేహాలో, ఎవరు పరిష్కరించలేదో ఆ వాక్యంలో లేదు. ఓర్లా దాన్ని చదివి, అనువాదకురాలు సకాలంలో అడగలేదన్నమాట అంది. నేను అవుననలేదు, కాదనలేదు.

ఎస్తేరుగారు ఫోను చేసి తన ఖాతా తెరుచుకోవడం లేదన్నారు. ఏదో సమస్య ఉంది, చూస్తానన్నాను. ఆ శనివారం ఉదయం రైలెక్కి కిల్కెన్నీ వెళ్ళాను. ఆవిడ స్టేషనుకు వచ్చారు. డ్యూటీ నుంచి తిన్నగా రావడంతో కోటు కింద నీలం యూనిఫాం అలాగే ఉంది. నది ఒడ్డున ఒక కాఫీ షాపులో కూర్చున్నాం. రివ్యూలో వచ్చినదంతా చెప్పాను. పేరు గురించిన వాక్యం దాచాలనుకున్నాను గానీ, దాచడం నాకు అప్పటికే ఎక్కువైంది.

ఆవిడ కప్పు కింద పెట్టారు. "పదిహేను క్వెరీలు పెట్టానుగా పద్మగారూ. అవి వాళ్ళు చూడలేదా?"

"వాళ్ళకి వెళ్ళలేదు."

"నా దగ్గర కాపీ ఉంది. మా ఆయన పైవాళ్ళకి పంపించెయ్ పంపించెయ్ అంటానే ఉన్నాడు. మీరు పంపుతారులే అన్నాను. మీరుండగా నేను పంపడం బాగోదు కదండీ."

నేను నా కప్పును పక్కకు జరిపాను.

"నారదుణ్ణి దొంగని చెయ్యొద్దని మొత్తుకున్నది నేను," అన్నారు. గొంతు పెంచలేదు. "ఆ మనిషికి నా పేరే కనబడిందా? బడిలో పోతన పద్యాలు నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఒక్కరూ నన్నీ మాట అడగలేదు."

క్షమించమన్నాను. ఆవిడ తల ఊపారు. అది క్షమించినట్టో, విన్నట్టో నాకు తెలియలేదు. తిరుగు రైలు వేళ కాగానే నన్ను స్టేషను దాకా దిగబెట్టి, భోజనం చేసి వెళ్ళాల్సింది అన్నారు.

సోమవారం ఓర్లాకు క్వెరీ షీటు, నా జవాబు, నేను సంతకం చేసిన గ్లాసరీ కలిపి పంపాను. నివేదికను వెనక్కి తీసుకుని మళ్ళీ రాశాను. పట్టిక తయారుచేసింది నేను, అనువాదకురాలు ముందే హెచ్చరించింది, తోసిపుచ్చింది నేను. ఓర్లా నన్ను పిలిచింది. కోప్పడలేదు. శుక్రవారమే ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది. అలసిపోయాను అన్నాను. అందరం అలసిపోయాం అంది. ఎవరి పేరును బట్టీ పని నాణ్యతను అంచనా వేయడాన్ని మా సంస్థ అంగీకరించదని క్లయింటుకు లేఖ రాసింది. వాళ్ళు సమీక్షకుణ్ణి మార్చారు. లీడ్ పని నా నుంచి తీసేసి, మూడు నెలలు నన్ను నా పాత పనికి, టెస్టింగుకు, పంపారు.

ఎస్తేరుగారి ఖాతా తెరిచారు. ఒప్పుకున్న పని కాబట్టి ఆవిడ మొత్తం తిరగరాశారు. జియస్, హీరా, హేడిస్, అందరూ తమ పేర్లతోనే వచ్చారు. కూతురు పాతాళానికి పోయిన కథలో తల్లి డిమీటర్ గురించి ఆవిడ ఇలా రాశారు: 'బిడ్డ కనబడనన్నాళ్ళూ ఆమె చేలవైపు చూడలేదు. వేసిన గింజ వేసినట్టే ఉండిపోయింది.' కొత్త సమీక్షకురాలు ఒక్క తప్పూ చూపలేదు.

శాశ్వత ఉద్యోగం జనవరిలో వచ్చింది. ఓర్లా స్వయంగా ఫోను చేసింది. ఎస్తేరుగారు మర్యాదగా వద్దన్నారు. నేను అడిగితే, వృద్ధాశ్రమంలో సీనియర్ కేరర్‌గా వేశారని చెప్పారు. "ఇక్కడ అడిగిందానికి అప్పటికప్పుడే సమాధానం చెప్తారండీ, అది నాకు నచ్చింది," అన్నారు. తరవాత అనువాదాలు కూడా మానేశారు. మాకు ఆ స్థాయి తెలుగు రాసేవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

తరవాత నన్ను తిరిగి లీడ్‌ను చేశారు. పదవీ విరమణ దాకా అదే పని. కొత్తగా చేరినవాళ్ళకు రెండు సంగతులు చెప్పేదాన్ని. క్వెరీకి జవాబు ఇవ్వకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని కింద కూడా లీడ్ పేరు ఉండాలి. రెండోది, నివేదికలో ప్రతి క్రియకూ కర్తను రాయాలి. కర్త లేని వాక్యం రాస్తే, చదివేవాళ్ళు ఆ ఖాళీలో తమకు తోచిన మనిషిని పెట్టుకుంటారు.