లెక్కల పరీక్ష రోజు పండిన పురుగులు

పదో తరగతి లెక్కల్లో తప్పాక నేను బడి మానేశాను. చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. పొద్దున మల్బరీ తోటకు నీళ్లు కట్టి, సైకిలెక్కి పెనుకొండ లైబ్రరీకి పోయేవాణ్ణి. లైబ్రేరియన్ సారు తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేది నేనొక్కణ్ణే. చరిత్ర, నక్షత్రాలు, ఎరువులు, ఏది దొరికితే అది చదివాను. రెండేళ్లలో రెండు బీరువాలు పూర్తిచేశానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అది చూసే కాబోలు, మా ఊరి బడికి తల్లిదండ్రుల కమిటీ పెట్టినప్పుడు తీర్మానాలు రాసే పని నాకు అప్పజెప్పారు.

తొంభైల చివర్లో ఒక జనవరిలో హెడ్మాస్టరు సారు కమిటీని పిలిచి, పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చదివి వినిపించారు. రెండేళ్లుగా మా పదో తరగతిలో సగం మంది కూడా గట్టెక్కడం లేదు. ఈసారీ అంతే అయితే ఆ తరగతిని ఏడు కిలోమీటర్ల అవతలి ఊరికి మారుస్తారు. మాకు రావలసిన రెండు గదుల నిధులు కూడా ఆ ఊరికే పోతాయి. అప్పటికి మా బడిలో తొమ్మిదీ పదీ ఒకే గదిలో, ఒకదానికొకటి వీపు తిప్పుకుని నడుస్తుండేవి.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాను. ఏడు కిలోమీటర్లు ఆడపిల్లను పంపేది లేదని నాయన ఒక్క మాటలో తేల్చేశాడు. మా చెల్లెలు అప్పుడు తొమ్మిదిలో ఉంది. ఎవరినో అడిగి తెచ్చుకున్న పదో తరగతి లెక్కల పుస్తకానికి పేపరుతో అట్ట వేసుకుంటోంది. ఆ మాట విని కూడా తలెత్తలేదు, అట్ట వేయడమూ ఆపలేదు.

పిల్లలు ఎందుకు తప్పుతున్నారో ఊరందరికీ తెలుసు. మాది పట్టుపురుగుల ఊరు. గుడ్లు తెచ్చేది హిందూపురం నుంచి, పట్టుగూళ్లు అమ్మేదీ అక్కడే. బాడుగ కలిసొస్తుందని ఊరంతా కలిసి ఒకే టెంపోలో గుడ్లు తెచ్చుకునేవాళ్లం. కాబట్టి అన్ని ఇళ్లలోనూ పురుగులు ఒకే రోజు పండి, గూడు కట్టడానికి సిద్ధమయ్యేవి. పండిన పురుగును ఆ పూటే ఏరి, గూడు కట్టుకునే వెదురు చంద్రిక మీద వేయకపోతే పట్టంతా పాడవుతుంది. ఆ రోజు ఇంట్లో చెయ్యి ఉన్నవాళ్లెవరూ బయటికి పోరు. ఏటా అది పరీక్షల నడుమనే వచ్చేది.

నేను లైబ్రరీలో పట్టుపురుగుల పుస్తకం వెతికి పట్టుకున్నాను. పురుగు పండడానికి ఇరవై ఎనిమిది రోజులని అందులో ఉంది. చివరి పరీక్ష మర్నాటి నుంచి వెనక్కి లెక్కపెట్టి, టెంపో పోవలసిన రోజు కమిటీకి చెప్పాను. పుస్తకంలోని బొమ్మ కూడా చూపించాను. కొందరు మెచ్చుకున్నారు, కొందరు నన్ను లైబ్రరీ పంతులన్నారు. కమిటీలోనే ఉన్న మా ఎదురింటి అవ్వ నలభై ఏళ్లుగా పురుగులు పెంచుతున్న మనిషి. ఆమె బొమ్మ వంక చూసి మెల్లగా అడిగింది.

"ఏమబ్బా, ఆ పుస్తకం రాసినాయన యా ఊర్లో ఉంటాడు? మన ఎండ చూసినాడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తీర్మానం రాసేశాను.

మార్చిలో ఎండ ముదిరింది. ఎండ ముదిరితే పురుగుకు తొందరెక్కువ. ఐదు రోజులు ముందుగా, సరిగ్గా లెక్కల రెండో పేపరు రోజున, తెల్లారేసరికి తట్టల్లో పురుగులు పసుపురంగుకు తిరిగి, ఆకు మాని తలలెత్తి ఊగుతున్నాయి. పరీక్ష సెంటరు పెనుకొండలో, అక్కడికి పోయే బస్సు వచ్చేది ఎనిమిదింటికి. పరీక్ష రాయాల్సిన పిల్లలు ఒక్కరు కూడా రోడ్డు మీద లేరు.

అప్పుడు మా చెల్లెలు ఇంట్లో పురుగుల్ని పెద్దవాళ్లకు వదిలేసి, తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని వెంటేసుకుని బయల్దేరింది. ముగ్గురేసి జట్లుగా, పరీక్ష పిల్లలున్న ప్రతి ఇంటికీ వంతులవారీగా వాళ్లే పోయారు. మొదటి ఇంటాయన కూతుర్ని పంపేది లేదని వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"మామా, ఆ యక్కను బస్సెక్కించు. ఆమెవి రెండు చేతులే, మావి ఆరుండాయి" అంది చెల్లెలు.

"మీ యన్న చేసిన పనికి మీరొస్తాండారా?"

"మాయన్న కోసరం కాదు మామా. ఆమె పాసైతేనే మాకు పదో తరగతి ఉంటాది."

ఆయన వాకిట్లోంచి పక్కకు జరిగాడు. ఆ మాట వాళ్లకంటే ముందు తక్కిన ఇళ్లకు చేరింది. అవ్వ తన పురుగుల్ని కోడలికి అప్పగించి తనూ వచ్చింది. నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయి ఒక తట్ట ముందు కూర్చోబెట్టి, ఇరవై ఎనిమిది లెక్కపెట్టుకుంటూ ఏరమంది. బస్సు డ్రైవరు పది నిమిషాలు ఆగాడు. పరీక్ష పిల్లలు పద్నాలుగు మందీ ఎక్కారు. ఒకమ్మాయి చేతికి పట్టుదారం ఇంకా అంటుకునే ఉంది. సాయంత్రానికి మా నడుములు పడిపోయాయి గానీ, ఒక్క ఇంట్లోనూ పట్టు పాడవలేదు.

ఆ ఏడు పదిమంది పాసయ్యారు. హెడ్మాస్టరు సారు ఫలితాల కాగితాన్ని ఆఫీసుకు తానే తీసుకుపోయారు. పదో తరగతి మా ఊళ్లోనే ఉండిపోయింది. వానలు వెళ్లేసరికి రెండు గదులకూ పునాది తీశారు. ఆ పట్టుపురుగుల పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చే ముందు అందులో ఒక చీటీ పెట్టాను: మా ప్రాంతంలో మార్చి నెలకు ఐదు రోజులు తగ్గించుకోవాలి. లైబ్రేరియన్ సారు అది చదివి, ఎవరు కనిపెట్టారని అడిగారు. అవ్వ అని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

మరుసటి జనవరిలో కమిటీ కూర్చున్నప్పుడు టెంపో ఏ రోజు పోవాలని సారు అడిగారు. నేను పెన్ను పట్టుకుని అవ్వ వైపు చూశాను. ఆమె చెప్పిన రోజే రాసుకున్నాను.

ఆ ఏడు పురుగులు పండేనాటికి మా చెల్లెలి పదో తరగతి పరీక్షలైపోయి రెండు రోజులైంది. ఆ పొద్దున అందరికంటే ముందు లేచి, చంద్రికలు దించింది తనే.