మణి వేసిన ముడులు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నా పేరు మునిరత్నం, ఉండేది పుత్తూరు. ఈ నగరి ఊరికి నేను అల్లుణ్ణి, మీ నేతగాళ్ల ఇంటి ఆడబిడ్డ వల్లిని చేసుకున్నవాణ్ణి. నాకు రెండు కళ్లూ కనపడవు. ఎవరు కూర్చున్నారో, ఎవరు లేచి వెళ్లిపోతున్నారో నాకు తెలియదు, నా మాటలు విన్నాక వెళ్లిపోవాలనిపిస్తే మొహమాటపడకండి. ఈ సాక్ష్యం పుత్తూరులో చెప్పుకుంటే చాలదని, నగరిలోనే చెప్పాలని పాస్టరయ్యగారిని బతిమాలుకుని వచ్చాను. ఎందుకంటే ఈ ఊరి బిడ్డ, చనిపోయిన నా బావమరిది మణి మీద నేనొక అబద్ధం చెప్పాను. మీరందరూ దాన్ని నమ్మారు. దాన్ని మీ ముందే వెనక్కి తీసుకోవాలని వచ్చాను.

నా పని చెక్కతో ఓడలు చేయడం. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాళ్లుంటారు గానీ ఓడలు కట్టేవాడెవడయ్యా అని మీరు నవ్వవచ్చు, సముద్రం ఎటువైపుందో కూడా మా వీధిలో సగం మందికి తెలియదు! వయసులో ఉన్నప్పుడు మద్రాసు హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఆ పని నేర్చుకున్నాను. ఓడల కంపెనీల ఆఫీసుల్లో అద్దాల పెట్టెల్లో పెట్టుకుంటారే, ఆ ఓడలు. అసలు ఓడలో ఎనిమిది అడుగులుంటే మా దగ్గర ఒక అంగుళం, ఆ లెక్క తప్పకూడదు. అడుగున వెన్నెముకలాగా ఒక దూలం, దానికి రెండు పక్కలా పక్కటెముకల్లాగా చట్రాలు, వాటి మీద అగ్గిపుల్లంత మందం పలకలను వేడినీళ్లలో నానబెట్టి ఒక్కొక్కటే వంచి అతికించాలి. ఒక పలక విరిగిందంటే ఆ రోజు నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. అంత గర్వం, అంత కోపం ఉండేవి నాకు.

మరమగ్గాలు సరిగా ఆడక మణికి పని లేకుండా పోయినప్పుడు వల్లి వాణ్ణి మా ఇంటికి పిలిపించింది. ముప్పయ్యేళ్ల మనిషి, నెమ్మదస్తుడు, పుట్టినప్పటి నుంచి నూలు మధ్య పెరిగిన చెయ్యి. తెరచాప కొయ్యల నుంచి ఓడ అంచులదాకా దిగే తాళ్లు, ఆ తాళ్ల మీద నావికులు ఎక్కే నిచ్చెన మెట్లు, అవన్నీ కుట్టుదారమంత సన్నగా కట్టాలి, నా వేళ్లకు అది ఎప్పుడూ లొంగేది కాదు. మణి వచ్చిన మొదటి రోజే ఒక ముడి వేసి, కొసను నాలుకతో తడిపి, బొటనవేలి గోటితో ఒక్క నొక్కు నొక్కాడు, ముడి ఎక్కడుందో కనపడలేదు! మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు వాళ్ల అమ్మ నేర్పిన పద్ధతి అది. "బావా, ముడి సేతికి తగలాల గానీ కంటికి కనపడకూడదు" అని నవ్వేవాడు. నేను మెచ్చుకోలేదు. లోపల అసూయపడ్డాను సహోదరులారా, ఈ మాట కూడా ఈ రోజే చెబుతున్నాను.

నేను తాగేవాణ్ణి. మా పనిలో చివరన లక్కను స్పిరిట్‌లో కలిపి గుడ్డతో రుద్ది పాలిష్ పెడతాము, అందుకు షెడ్డులో ఎప్పుడూ స్పిరిట్ డబ్బా ఉంటుంది. మందు దొరకని రోజు ఆ పాలిష్‌నే వడగట్టి తాగే అలవాటు మా పనివాళ్లలో కొందరికి ఉంది, ఆ దరిద్రం నేను మద్రాసులోనే నేర్చుకున్నాను. ఎన్నిసార్లు తాగినా నాకేమీ కాలేదు, అందుకని నాకేమీ కాదనే అనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణో చూడండి!

ఎలక్షన్లకని బ్రాందీ షాపులు మూసేశారు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, వల్లి తడుకుపేటలో చుట్టాల ఇంటికి వెళ్లింది, మణి షెడ్డులో మూడు తెరచాపల ఓడకు తాళ్లు కడుతున్నాడు. అంతకుముందు రోజు నేనే కొత్త డబ్బా తెచ్చాను, ఎప్పుడూ కొనే చోట కాకుండా వేరే చోట, మూత మీద ఏం రాసుందో చదవను కూడా లేదు. వడగట్టాను. ఒక్కణ్ణే తాగడం తోచక వాణ్ణి పిలిచాను. వాడు సూదిలో దారం ఉండగానే తలెత్తి "వొద్దు బావా, ఆ వాసనే నాకు పడదు. అక్కకు మాటిచ్చినాను" అన్నాడు. నేను ఊరుకున్నానా? "ఓడలు కట్టే సెయ్యి, గ్లాసు పట్టుకోవడానికి వణుకుతాందా అప్పా? మీ అక్క కొంగు పట్టుకుని తిరుగుపో" అని ఎగతాళి చేశాను. రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి నా మాట తీసేయలేక, బావ ఇంట్లో బావ అన్నం తింటున్నానన్న మొహమాటంతో, సూదిని దారంతోనే వదిలేసి లేచి వచ్చాడు. ఒక్క గ్లాసు తాగాడు.

తెల్లవారేసరికి నా కళ్లముందు తెల్లగా పొగ. దీపం వేయమన్నాను, ఎండ వచ్చిందని, రాత్రికి ఇల్లు చేరిన వల్లి చెప్పింది. పక్కగదిలో మణి కడుపు పట్టుకుని దొర్లుతున్నాడు, మాట రావడం లేదు. ఆటోలో, ఆ తర్వాత ఆంబులెన్సులో తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను వాడి అరుపులు విన్నాను, కాసేపటికి ఆగిపోవడమూ విన్నాను. డబ్బాలో ఉన్నది తాగే స్పిరిట్ కాదు, చూపును, ప్రాణాన్ని తినేసే విషమని డాక్టరుగారు చెప్పారు. నన్ను బతికించారు. నా కళ్లు మాత్రం రాలేదు.

మంచం పక్కన పోలీసాయన అడిగాడు, ఎవరు తెచ్చారని. వల్లి నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను అన్నాను, "మణి తెచ్చినాడు. వానికి అలవాటుండాది, నేను వద్దన్నా వినలేదు." చనిపోయినవాడు లేచి కాదనడు కదా! నా చేతిలో ఉన్న వల్లి చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది, అంతే. ఆ మాట తిరుపతి నుంచి నగరికి నాకంటే ముందే చేరింది.

సహోదరీలారా, ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. దినాలకు నన్ను తీసుకొచ్చారు. మా అత్త, కొడుకును పోగొట్టుకున్న తల్లి, పాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. "నా కొడుకు నీ కండ్లు తీసినాడే నాయనా, నా ముఖం సూసి వాణ్ణి క్షమించు" అని ఏడ్చింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. క్షమించినానని చెప్పాను! వినండి, నేను క్షమించినానని చెప్పాను. వల్లి ఇంటికి వచ్చి తమ్ముడి ఫోటో గోడ మీద నుంచి తీసి పెట్టె అడుగున పడేసింది. నాకు అన్నం ముద్దలు కలిపి పెట్టేది, నా కాళ్లు కడిగేది, తమ్ముడి పేరెత్తేది కాదు. వాడికోసం ఏడవడం కూడా తప్పనుకుని మానేసింది.

కళ్లు పోయినా తాగుడు పోలేదు, ఎక్కువైంది. కళ్లు కనపడని వాడికి సీసా తెచ్చి పెట్టే స్నేహితులకు కొదవ లేదు. మా పక్కింట్లో మేరమ్మ పిన్నమ్మ అని ఒక విశ్వాసి ఉంది, శుక్రవారం శుక్రవారం వచ్చి వల్లి పక్కన కూర్చుని ప్రార్థించేది. ఒకరోజు నా తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ యేసయ్యా, ఈ బిడ్డ గొంతులో ఏందో అడ్డం పడి ఉండాది. అది సారాయి కాదు. ఏందో నీకు తెలుసు, వీనికి తెలుసు. దాన్ని నువ్వే బయటికి తియ్యాల నాయనా!" అని ఏడ్చింది. నేను ఆమె చెయ్యి విదిలించేశాను, బూతులు తిట్టి పంపేశాను. ఆమె మళ్లీ శుక్రవారం వచ్చింది.

అలా ఏడాది పైన గడిచాక ఒక మధ్యాహ్నం వల్లి షెడ్డు ఊడుస్తూ లోపలికి వచ్చి, "ఆ మూడు తెరచాపల పడవను పొయ్యిలో పెట్టేస్తాను. దాన్ని సూస్తే వాని మీద మండుకొస్తాది" అంది. ఎందుకో ఒక్కసారి తెచ్చి నా ఒళ్లో పెట్టమన్నాను. నేను వంచిన పలకలు నా చేతికి తెలిశాయి. ఆ తర్వాత తాళ్లు. ఎడమవైపు నిచ్చెన కింది నుంచి పైదాకా పూర్తిగా ఉంది. ప్రతి మెట్టుకూ రెండు కొసల్లో ముడి, ప్రతి ముడి మీదా గోటితో నొక్కిన చిన్న గుంట, కంటికి కనపడకూడదని వాడన్న ముడి నా వేలికి తగిలింది. కుడివైపుకు వచ్చాను. ఒకటి, రెండు, మూడు అని ఎక్కుతూ పోతే పదకొండో మెట్టు దగ్గర నిచ్చెన ఆగిపోయింది. అక్కడి నుంచి ఒక దారం వేలాడుతోంది. దారం చివర సూది ఉంది.

నేను పిలిచినప్పుడు వాడు వదిలేసి వచ్చిన సూది!

ఓడను పక్కన పెట్టి నేల మీద సాగిలపడ్డాను. సహోదరులారా, చూపు కోసం ఏడాదిగా నాకోసం ఎందరో ప్రార్థించారు, ఆ రోజు నేను చూపు అడగలేదు. "ప్రభువా, నాకు కండ్లు వద్దు. నోరు ఇయ్యి. నా బిడ్డలాంటోణ్ణి సంపినాను, సంపి వాని మీదే పెట్టినాను. ఈ అబద్ధంతో నన్ను సావనియ్యొద్దు" అని అరిచాను. జీవితంలో నేను చేసిన మొదటి ప్రార్థన అది.

వల్లి గుమ్మంలో నిలబడి విన్నది. వాళ్లమ్మను పిలిపించమన్నాను, ఆమె వచ్చాక ఇద్దరి ముందూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, డబ్బా ఎవరు తెచ్చారో, వాడు ఎన్నిసార్లు కాదన్నాడో, నేనేమని ఎగతాళి చేశానో. ఆ తర్వాత అత్త, "నా బిడ్డను రెండుతూర్లు సంపితివి కదరా" అంది. వల్లి లేచి లోపలికి వెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడు, గుడ్డతో అద్దం తుడిచిన చప్పుడు, గోడకు మేకు కొట్టిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. తమ్ముడు పోయి ఏడాది పైన గడిచాక మొదటిసారి నోరారా ఏడ్చింది.

పాస్టరయ్యగారితో కలిసి స్టేషనుకు వెళ్లి నిజం రాయించి వేలిముద్ర వేశాను, వాళ్లు ఏం చేసినా నాకు సమ్మతమే అన్నాను, ఇప్పటికీ అంటున్నాను. తాగుడు ఆ రోజుతో తెగింది. సులువుగా తెగలేదు, ఆ వారమంతా ఒళ్లు వణికి ఆసుపత్రిలో పడున్నాను. కానీ నా చెయ్యి మళ్లీ సీసా వైపు పోలేదు, ఇది నా బలం కాదు, నన్ను లేపిన ప్రభువు బలం! ఆయన నా కళ్లు తెరవలేదు. నా గొంతులో ఉన్నదాన్ని తీశాడు.

మీరు అనుకోవచ్చు, అంతటితో అందరూ కలిసిపోయారని. లేదండీ. వల్లి నా ముందు కంచం పెట్టి లేచిపోయేది. నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే నా కర్రకు ఒక చివర ఆమె పట్టుకునేది, రెండో చివర నేను. చెయ్యి మాత్రం ఇచ్చేది కాదు. అత్త నాతో మాట్లాడనే లేదు. ఆరు నెలలకు ఒకరోజు తానే వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఆ పడవ యాడుండాది?" అని అడిగింది. తెచ్చి ఇచ్చాము. "నిన్ను సూసి కాదు. నా బిడ్డ పని సగంలో నిలిచిపోకూడదు" అంది. ఆ సూదినే తీసుకుంది, పదకొండో మెట్టు పైనుంచి మొదలుపెట్టింది. నాలుగు రోజులు వచ్చింది, ముడి వేయడం, తడపడం, గోటితో నొక్కడం, అంతే. నేను పక్కన కూర్చుని ఆ చిన్న చప్పుళ్లు వింటూ ప్రార్థించుకున్నాను.

ఆ ఓడే ఇప్పుడు ఈ బల్ల మీదుంది. ఈ ప్రార్థన కూడిక అయ్యాక వచ్చి చూడండి, ముట్టుకోండి. కుడివైపు పదకొండు మెట్లదాకా మణి చెయ్యి, ఆపైన వాళ్లమ్మ చెయ్యి. మీ కంటికి తేడా కనపడదు, నా వేలికి తెలుసు. మీ ఊరి మణి తాగుబోతు కాదు. వాడు ఎవరి కళ్లూ తీయలేదు. ఇళ్లకు వెళ్లాక ఈ మాట చెప్పండి, మగ్గాల దగ్గర చెప్పండి, నా అబద్ధాన్ని చెప్పుకున్న ప్రతి చోటా చెప్పండి.

మీలో ఎవరి గొంతులోనైనా ఇలాంటిది అడ్డం పడి ఉంటే, ప్రియులారా, దాన్ని మందుతో కిందికి దించాలని చూడకండి, అది దిగదు. యేసయ్య దగ్గర కక్కేయండి. ఆయన మిమ్మల్ని అసహ్యించుకోడు, నన్నే అసహ్యించుకోలేదు! అందుకు ఆయనకే స్తోత్రం, మహిమంతా ఆయనదే, సిగ్గంతా నాది.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. ఈ రోజు మందిరం మెట్ల దాకా వల్లి నన్ను ఎప్పటిలాగే కర్రతో తెచ్చింది. మెట్టు దగ్గర ఆగింది. కర్ర తీసి గోడకు ఆనించింది. చెయ్యి పట్టుకుని పైకి తెచ్చింది.